సీసా మీద ఓటుంది, గీత మీద లేదు

మద్యం దుకాణం మూయించాలా వద్దా అన్నది కొన్ని రాష్ట్రాల్లో ఓటర్లే తేలుస్తారు. తమ వార్డు హద్దు ఎక్కడ ఉండాలన్నది మాత్రం వాళ్లను అడిగేవారు లేరు. ఆ పెన్సిలు సర్కారుది.

ఆ బ్యాలెట్ పత్రంలో అభ్యర్థుల పేర్లుండవు, పార్టీ గుర్తులుండవు. రెండు సీసాల బొమ్మలుంటాయంతే. ఒకటి నిలబడి ఉంటుంది, మరోటి అడ్డంగా పడి ఉంటుంది. నిలబడ్డ సీసాకు ఓటేస్తే మద్యం దుకాణం కొనసాగాలని, పడిపోయిన సీసాకు వేస్తే మూసేయాలని అర్థం. మహారాష్ట్రలో 'ఉభీ బాట్లీ, ఆడవీ బాట్లీ' అని పిలిచే ఈ ఓటింగు 2008 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం జరుగుతోంది. గ్రామంలోనో వార్డులోనో ఉన్న మహిళా ఓటర్లలో నాలుగో వంతు మంది సంతకాలు చేసి ఎక్సైజ్ శాఖకు ఇవ్వాలి. అధికారులు ఆ సంతకాలు సరిచూసుకుని రహస్య ఓటింగు పెడతారు. ఎమ్మెల్యే సిఫారసు అక్కర్లేదు, సర్పంచి దయ అక్కర్లేదు. ఓటర్లే ఓటింగును పుట్టిస్తారు.

చిక్కల్లా లెక్కింపులో ఉంది. పోలైన ఓట్లలో సగం వస్తే చాలదు. జాబితాలో ఉన్న మొత్తం మహిళా ఓటర్లలో సగానికి మించి పడిపోయిన సీసాకు వేయాలి. అంటే పొలం పనికి వెళ్లినామె, పుట్టింటికి వెళ్లినామె, చనిపోయినా జాబితాలో పేరున్నామె కూడా నిలబడ్డ సీసాకే ఓటేసినట్టు లెక్క. దుకాణదారు ఎవరి మనసూ మార్చనక్కర్లేదు, కొంతమందిని ఇంట్లో కూర్చోబెడితే చాలు. ఎమ్మెల్యేకీ ఎంపీకీ లేని నిబంధన ఇది. దేశంలో ఏ చట్టసభ సభ్యుడైనా నియోజకవర్గంలోని మొత్తం ఓటర్లలో సగం మంది మద్దతు చూపించాల్సి వస్తే సభలు చాలా వరకూ ఖాళీగా ఉంటాయి.

అయినా గెలిచినవాళ్లున్నారు. రాజస్థాన్‌లోనూ 1975 నాటి నిబంధనలు ఇలాంటి ఓటింగుకు వీలిస్తున్నాయి. రాజ్‌సమంద్ జిల్లా కాఛబలీ పంచాయతీలో 2016 మార్చిలో ఓటింగు జరిగింది. మొత్తం ఓటర్లు 2,886 మంది, ఓటేసినవారు 2,039 మంది. మూసేయాలన్నవారు 1,937. పోలైన ఓట్లతో చూస్తే ఇది ఏకపక్షమే. మొత్తం ఓటర్లతో చూసినా 67 శాతం. దుకాణం మూతపడింది.

తెలుగునాట ఇలాంటి ఏర్పాటు లేకపోవడం వల్లే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా పాటలను వీధిలో నిలబడి ఆపాల్సి వచ్చింది. ఆ ఉద్యమం 1993లో సారా నిషేధం దాకా, 1995లో సంపూర్ణ మద్య నిషేధం దాకా వెళ్లింది. 1997లో సర్కారు నిషేధం ఎత్తేసింది. పెట్టినదీ ఎత్తేసినదీ హైదరాబాదే. ఊరి ఓటుతో ముడిపెట్టి ఉంటే కనీసం ఊరూరా మళ్లీ అడగాల్సి వచ్చేది.

సీసాల తర్వాత కుర్చీలు. మధ్యప్రదేశ్‌లో పురపాలక సంఘం అధ్యక్షుణ్ని మధ్యలో దించేయడానికి ఓటింగు పెడితే, బ్యాలెట్ మీద ఖాళీ కుర్చీ, నిండిన కుర్చీ బొమ్మలుంటాయి. ఈ రాష్ట్రం నుంచి విడిపోయిన ఛత్తీస్‌గఢ్‌కు కూడా 1961 నాటి మునిసిపాలిటీల చట్టం వారసత్వంగా దక్కింది. అందులోని 47వ సెక్షన్ ప్రకారమే 2008 జూన్‌లో గుండర్‌దేహీ, నవాగఢ్, రాజ్‌పూర్ నగర పంచాయతీల అధ్యక్షులను ఓటర్లు దింపేశారు. వెనక్కి పిలిచే హక్కు గురించి వేదికల మీద మాట్లాడేవారు తరచూ ఉదహరించేది ఈ మూడు ఊళ్లనే.

ఉదహరించేవారు చెప్పని సంగతి ఒకటుంది. అక్కడ ప్రక్రియ మొదలయ్యేది ఓటరు సంతకంతో కాదు. కౌన్సిలర్లలో మూడొంతుల మంది కలెక్టరుకు ప్రతిపాదన ఇవ్వాలి. ఆయన నిర్ధారించి ప్రభుత్వానికి పంపాలి. ఆ పైనే రాష్ట్ర ఎన్నికల సంఘం రంగంలోకి దిగుతుంది. కౌన్సిలర్లకూ చైర్మన్‌కూ చెడితే ఓటింగు వస్తుంది. చైర్మన్‌కూ జనానికీ చెడితే మాత్రం రాదు. ఆ లెక్కన మద్యం సీసా ఓటింగులోనే ఓటరుకు ఎక్కువ అధికారం ఉంది.

ఈ రెండూ దాటి నగర పాలనలో అసలు కీలకమైన విషయానికి వస్తే ఓటరు పూర్తిగా ప్రేక్షకుడు. ఆ విషయం పేరు వార్డుల పునర్విభజన.

నాలుగు మ్యాపులు, సున్నా ఎన్నికలు

బెంగళూరు మహానగర పాలికెకు చివరిసారిగా 2015 ఆగస్టులో ఎన్నికలు జరిగాయి. అప్పుడు వార్డులు 198. పాలకమండలి గడువు 2020 సెప్టెంబరు 10న ముగిసింది. ఎన్నికలు పెట్టాల్సిన సమయంలో ప్రభుత్వం వార్డుల సంఖ్య పెంచాలనుకుంది. పాత 198 వార్డులతోనే ఆరు వారాల్లో ఎన్నికల షెడ్యూలు ప్రకటించమని కర్ణాటక హైకోర్టు ఆ ఏడాది డిసెంబరులో ఆదేశించింది. సుప్రీంకోర్టులో స్టే వచ్చింది. 2022 జులైలో బీజేపీ ప్రభుత్వం 243 వార్డుల మ్యాపు ఖరారు చేసింది. తమ ఎమ్మెల్యేలున్న ప్రాంతాలను ముక్కలు చేశారని కాంగ్రెస్ గగ్గోలు పెట్టింది. 2023లో అధికారంలోకి వచ్చాక ఆ మ్యాపును పక్కన పడేసి 225 వార్డులతో కొత్తది తెచ్చింది. దాని మీదా ఎన్నిక జరగలేదు. 2025లో గ్రేటర్ బెంగళూరు చట్టం వచ్చి నగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా చీల్చింది. ఆ ఏడాది నవంబరు నాటికి మొత్తం వార్డులు 369 అయ్యాయి. 198, 243, 225, 369. అంకెలు మారుతూ పోయాయి గాని, 2025 ముగిసేనాటికి కూడా బెంగళూరు ఓటరు పోలింగు బూతు మొహం చూడలేదు. ఐదేళ్లు పైబడి నగరాన్ని అధికారులే ఏలారు.

ముంబైదీ అదే కథ, కాస్త వేషం మార్చుకుని. అక్కడ 227 వార్డులుండేవి. ఉద్ధవ్ ఠాక్రే ప్రభుత్వం 2021 చివర్లో వాటిని 236 చేసింది. పాలకమండలి గడువు 2022 మార్చిలో ముగిసింది. ప్రభుత్వం మారింది. ఏక్‌నాథ్ శిందే సర్కారు 2022 ఆగస్టులో తిరిగి 227కు తెచ్చింది. పెంచినప్పుడు చెప్పిన కారణం జనాభా పెరిగిందని. అయితే 2011 తర్వాత దేశంలో జనగణనే జరగలేదు. మ్యాపు వివాదానికి ఓబీసీ రిజర్వేషన్ల వ్యాజ్యం కూడా తోడై, దేశంలో అత్యంత సంపన్న కార్పొరేషన్‌కు ఎన్నికలు జరగడానికి 2026 జనవరి 15 దాకా పట్టింది. ఢిల్లీలో మూడు కార్పొరేషన్లను 2022లో ఒకటి చేసి, కేంద్రం నియమించిన కమిటీ 272 వార్డులను 250కి కుదించింది. ఏప్రిల్లో జరగాల్సిన ఎన్నిక డిసెంబరుకు పోయింది.

చట్టం ఇందుకు ఒప్పుకుంటుందా అంటే, ఒప్పుకోదు. ఐదేళ్ల గడువు ముగిసేలోపు ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243యు అధికరణ చెబుతోంది. అహ్మదాబాద్ కార్పొరేషన్‌లో వార్డుల విభజన సాకుతో ఎన్నికలు ఆలస్యమైనప్పుడు కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం 2006లో ఈ సంగతి తేల్చేసింది. 2022 మేలో సురేశ్ మహాజన్ కేసులో మరింత సూటిగా చెప్పింది: కొత్త విభజన పూర్తి కాకపోతే పాత వార్డులతోనే పెట్టండి. తీర్పులున్నాయి. వాటిని అమలు చేయించుకోవడానికి ప్రతి నగరం మళ్లీ కోర్టు మెట్లు ఎక్కాల్సి వస్తోంది.

విశాఖపట్నం ఓటర్లకు ఈ నిరీక్షణ ఇంకా బాగా తెలుసు. 2007లో ఎన్నికైన పాలకమండలి 2012లో దిగిపోతే, తర్వాతి ఎన్నిక 2021 మార్చిలో. తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఈలోగా భీమిలి, అనకాపల్లి కలిశాయి, వార్డులు 72 నుంచి 98 అయ్యాయి. హైదరాబాదులో 2007 ఏప్రిల్లో గ్రేటర్ ఏర్పడితే 150 వార్డులకు ఎన్నికలు జరిగింది 2009 నవంబరులో.

పెన్సిలు చేసే పని

ఆలస్యం సంగతి అందరికీ కనిపిస్తుంది. గీత చేసే పని అంత తేలిగ్గా కనిపించదు. అసలు లెక్క ఇలా సాగుతుంది. నగర జనాభాను వార్డుల సంఖ్యతో భాగిస్తారు. వచ్చిన సగటుకు పది శాతం అటూ ఇటూ ఉండొచ్చన్నది మామూలు పద్ధతి. జనగణన సిబ్బంది తిరిగిన ఎన్యూమరేషన్ బ్లాకుల్ని ఇటుకల్లా పేర్చి వార్డు కడతారు. రోడ్డు, నాలా, రైలుపట్టా హద్దులుగా పెడతారు. ముసాయిదా ప్రకటిస్తారు, అభ్యంతరాలు తీసుకుంటారు, తుది నోటిఫికేషన్ ఇస్తారు. కాగితం మీద ఇంతకన్నా నిష్పాక్షికమైన తతంగం ఉండదు.

ఒక చిన్న పట్టణం ఊహించుకోండి. 50 వీధులు, ఐదు వార్డులు, వార్డుకు పది వీధులు. వీధికి వీధి జనాభా సమానం. 20 వీధులు అధికార పక్షానివి, 30 ప్రతిపక్షానివి. మామూలుగా అయితే ఓడాల్సింది అధికార పక్షమే. ఇప్పుడు పెన్సిలు వాళ్ల చేతికిస్తే? తమ వీధుల్ని ఆరేసి చొప్పున మూడు వార్డుల్లో సర్దుతారు. వాటిలో ప్రతిపక్ష వీధులు నాలుగేసి. మిగిలిన రెండు వార్డుల్లో ప్రతిపక్షానివి 18 వీధులు కుక్కుతారు. ఫలితం: 20 వీధుల పార్టీకి మూడు వార్డులు, 30 వీధుల పార్టీకి రెండు. జనాభా ఎక్కడా తేడా లేదు, పది శాతం నిబంధన తప్పలేదు, ఒక్క దొంగ ఓటు పడలేదు. చైర్మన్ పదవి మాత్రం చేతులు మారింది. అమెరికాలో ఈ విద్యకు 1812 నుంచీ పేరుంది. మసాచుసెట్స్ గవర్నరు ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ హయాంలో గీసిన ఒక నియోజకవర్గం సాలమాండర్ అనే బల్లిలాంటి జీవి ఆకారంలో ఉందని పత్రిక ఒకటి బొమ్మ వేసి 'గెర్రీమాండర్' అంది. మన దగ్గర ఆ విద్యకు పేరు పెట్టలేదు గాని పని ఆగలేదు.

మన దగ్గర దీనికి మరో అంచె కూడా ఉంది, రిజర్వేషన్. ఎస్సీ జనాభా శాతం ఎక్కువున్న వార్డుల్ని ఎస్సీలకు కేటాయిస్తారు. ఒక కాలనీని రెండు వార్డుల మధ్య చీలిస్తే ఆ శాతం రెండు చోట్లా పడిపోతుంది. పదేళ్లుగా ఆ బస్తీలో పనిచేసి కార్పొరేటర్ కావాలనుకున్న వ్యక్తి ఒక్క గీతతో రేసులోంచి తప్పుకోవాల్సి వస్తుంది. ఆయన ఓడిపోయినట్టు ఎక్కడా నమోదు కాదు.

ఇక అభ్యంతరాల దశ. హైదరాబాదు సంగతే చూడండి. 2025 చివర్లో చుట్టుపక్కల 27 పురపాలక సంస్థల్ని విలీనం చేసి 150 వార్డుల్ని 300 చేస్తూ ముసాయిదా ఇచ్చారు. అభ్యంతరాలకు మొదట ఇచ్చిన గడువు వారం. ఇలాంటి నోటిఫికేషన్లలో హద్దుల్ని ఉత్తరాన ఫలానా రోడ్డు, దక్షిణాన ఫలానా నాలా అని మాటల్లో రాస్తారు. అది చదివి తమ ఇల్లు ఏ వార్డులో పడిందో పోల్చుకోవడానికే మామూలు మనిషికి వారం చాలదు. పోల్చుకుని అభ్యంతరం రాస్తే దాన్ని పరిశీలించేది ఆ గీత గీసిన యంత్రాంగమే. తుది నోటిఫికేషన్ వెలువడ్డాక కోర్టుకు వెళ్దామంటే 243జెడ్‌జీ అధికరణ అడ్డం: వార్డుల విభజన చట్టాల చెల్లుబాటును కోర్టుల్లో ప్రశ్నించరాదు. ఎన్నికలు అంతులేని వ్యాజ్యాల్లో చిక్కుకోకూడదని పెట్టిన రక్షణ అది. నోటిఫికేషన్‌కు ముందున్న వారమే పౌరుడికి దక్కిన మొత్తం సమయమైనప్పుడు ఆ రక్షణ ఎవరికి ఉపయోగపడుతోందో చెప్పనక్కర్లేదు.

అన్ని రాష్ట్రాలూ ఒకేలా లేవు. కేరళలో రాష్ట్ర ఎన్నికల కమిషనర్ అధ్యక్షతన డీలిమిటేషన్ కమిషన్ ఉంటుంది. 2024లో అది డిజిటల్ మ్యాపులతో ముసాయిదా ఇచ్చి, జిల్లాల్లో విచారణలు జరిపింది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. గీత కమిషన్‌దే అయినా వార్డుల సంఖ్య పెంచాలన్న నిర్ణయం మాత్రం ప్రభుత్వానిదే. అందుకే అక్కడా ప్రతిపక్షం అనుమానాలు ఆగలేదు. మహారాష్ట్ర ఇందుకు ఎదురు దిశలో నడిచింది. వార్డుల రూపకల్పన అక్కడ రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉండేది. 2022 మార్చిలో శాసనసభ చట్టం సవరించి ఆ అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చేసింది. దీని మీద అధికార, ప్రతిపక్షాలకు తేడా రాలేదు. ఈ రోజు కాకపోతే రేపు పెన్సిలు తమ చేతికే వస్తుందని రెండు పక్షాలకూ తెలుసు.

ఓటర్లే పెన్సిలు లాక్కున్న చోటు

సంతకాల ద్వారా ఓటింగు, వార్డుల హద్దులు అనే రెండు విషయాలు ఒక్కటిగా కలిసిన నగరం ఒకటుంది. తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉంటున్న టెక్సస్ రాజధాని ఆస్టిన్. అక్కడ దశాబ్దాల పాటు వార్డులే లేవు. మేయరూ ఆరుగురు సభ్యులూ నగరమంతటి ఓట్లతో గెలిచేవారు. డబ్బున్న పశ్చిమ ప్రాంతాల వారే ఎక్కువగా నెగ్గేవారు. నల్లజాతివారికి ఒకటి, హిస్పానిక్‌లకు ఒకటి సీటు వదిలేయాలన్న 'పెద్దమనుషుల ఒప్పందం' 1970ల నుంచీ నడిచింది. వార్డులు పెడదామన్న ప్రతిపాదనను ఓటర్లు ఆరు సార్లు తిప్పికొట్టారు.

2012లో ఒక పౌర బృందం మళ్లీ బయల్దేరింది. టెక్సస్ చట్టం ప్రకారం 20 వేల మంది ఓటర్ల సంతకాలు తెస్తే నగర చార్టర్ సవరణను బ్యాలెట్ మీద పెట్టి తీరాలి. వాళ్లు 33 వేల దాకా తెచ్చారు. ప్రతిపాదనలో పది వార్డులు అడగడంతో ఆగలేదు. గీసేవారెవరో కూడా రాశారు. 14 మంది పౌరుల కమిషన్. పరిశీలించి ఎంపిక చేసిన 60 మంది దరఖాస్తుదారుల్లోంచి ఎనిమిది మందిని లాటరీ తీస్తారు. మిగిలిన ఆరుగురిని ఆ ఎనిమిది మంది ఎంచుకుంటారు. రాజకీయ నాయకులకు, లాబీయిస్టులకు చోటు లేదు. కమిషన్‌లో కూర్చున్నవారు పదేళ్ల పాటు నగరంలో పోటీ చేయకూడదు. నగర పాలకమండలి పోటీగా మరో ప్రతిపాదన పెట్టింది. నవంబరులో ఓటర్లు దాదాపు 60 శాతం మద్దతుతో పౌర బృందానిదే గెలిపించారు. కమిషన్ ఊరంతా సభలు పెట్టి ఒక్కో వార్డుకు సుమారు 80 వేల జనాభాతో 2013లో మ్యాపు ఖరారు చేసింది. 2014 ఎన్నికల్లో 11 మందిలో పది మంది కొత్తవారు. పది వార్డుల్లో ఏడింట మహిళలు నెగ్గారు. హిస్పానిక్ సభ్యులు ముగ్గురయ్యారు.

ఇదంతా చదివి ఆస్టిన్‌ను స్వర్గం అనుకోనక్కర్లేదు. అదే సంతకాల అస్త్రాన్ని 2016లో ఊబర్, లిఫ్ట్ కంపెనీలు ఎత్తుకున్నాయి. డ్రైవర్లకు వేలిముద్రల తనిఖీ ఉండాలన్న నగర నిబంధనను రద్దు చేయించడానికి సంతకాలు తెప్పించి, ప్రచారం మీద 80 లక్షల డాలర్లకు పైగా కుమ్మరించాయి. ఓటర్లలో 56 శాతం కాదన్నారు. కంపెనీలు అలిగి నగరం వదిలిపోయాయి. మరుసటి ఏడాది రాష్ట్ర చట్టసభ కొత్త చట్టం తెచ్చి నగర నిబంధనను చెల్లకుండా చేసింది. కంపెనీలు తిరిగొచ్చాయి. ఓటరు తీర్పును పై అంతస్తు సర్కారు కొట్టేయడం అక్కడా ఉంది. తేడా ఏమిటంటే, వార్డుల మ్యాపును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. 2021లో కొత్త జనగణన లెక్కలు రాగానే మరో పౌర కమిషన్ కూర్చుని దాన్ని సవరించింది.

మన దేశంలో ఆ లెక్కలు రావడానికి ఎక్కువ కాలం లేదు. జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం 2025 జూన్‌లో ప్రకటించింది. పాలనా విభాగాల హద్దుల మార్పులన్నీ 2025 డిసెంబరు 31లోగా పూర్తి చేసుకోవాలని, ఆ తర్వాత లెక్కింపు ముగిసేదాకా కదపరాదని రాష్ట్రాలకు చెప్పింది. ఆ ఏడాది చివరి వారాల్లో నగరాల విలీనాలు, విభజనలు ఒకదాని వెనుక ఒకటి పరుగెత్తడం చాలామంది గమనించే ఉంటారు. కొత్త జనాభా అంకెలు చేతికొచ్చాక ప్రతి నగరం మ్యాపూ మళ్లీ బల్ల మీదికి వస్తుంది, 2011 అంకెలతో గీసినవన్నీ చెరిగిపోతాయి. గీసే అధికారం ఎవరికివ్వాలన్నది రాష్ట్ర పురపాలక చట్టాల్లోని విషయం. దానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, అసెంబ్లీలో ఒక సవరణ బిల్లు చాలు. కేరళ పద్ధతిలో కమిషన్ పెట్టాలన్నా, ముసాయిదాతో పాటు బ్లాకులవారీ జనాభా, మ్యాపులు ఇచ్చి అభ్యంతరాలకు నెల గడువు ఇవ్వాలన్నా, ఆ బిల్లు అంకెలు రాకముందే పెట్టాలి. వచ్చాక ఏ వీధి ఎవరికి లాభమో లెక్క తేలిపోతుంది. అప్పుడు పెన్సిలు వదులుకునే పార్టీ ఏదీ ఉండదు.